‘ఇంటర్‌సీడ్’ అను క్రియాపదము

ఆంగ్ల బైబిలును తెలుగు బైబిలుతో పోల్చి చదువువారికి ‘ఇంటర్‌సీడ్’ అను క్రియ తరచుగా ఎదురగును. మన సంఘములలో దీనికి స్థిరపడిన మాట ‘విజ్ఞాపన చేయుట’. అయితే 1611లో వెలువడిన జేమ్సు రాజు అనువాదములో ఈ క్రియ కానరాదు. ‘ఇంటర్‌సెషన్’ అను నామవాచకమునకు ‘చేయు’ అను క్రియను చేర్చియే అందు వాడిరి. తెలుగు అనువాదకులు నడచినదియు ఆ త్రోవనే.

ఈ క్రియను వాడినప్పుడు ముగ్గురుందురు: పలుకువాడు, వినువాడు, ఎవని నిమిత్తము పలుకబడుచున్నదో వాడు. వినువానికి ముందు ‘విత్’, మేలు పొందువానికి ముందు ‘ఫర్’ గాని ‘ఆన్ బిహాఫ్ ఆఫ్’ గాని రావలెను. ‘దేవునికి విజ్ఞాపన’ అను తెలుగు నుడికారమును అనుసరించి ‘ఇంటర్‌సీడ్ టు గాడ్’ అని వ్రాయుట సరికాదు. ‘మీడియేట్’ అను క్రియకును దీనికిని భేదము కలదు. మధ్యవర్తి ఇరుపక్షములను కలుపును. ఇంటర్‌సీడ్ చేయువాడు ఒకని పక్షము వహించినవాడు.

పదము లాటిను భాష నుండి వచ్చినది. ‘నడుమకు వెళ్ళుట’ అని దాని మూలార్థము. రోమాలో ప్రజల ట్రిబ్యూను ఒక చర్యను నిలిపివేయుటను ఈ మాటతోనే చెప్పిరి. క్రీ.పూ. 133లో తైబీరియస్ గ్రాకస్ తెచ్చిన భూమి చట్టమును తోటి ట్రిబ్యూను ఒక్తావియస్ అడ్డగించినది ఈ అధికారముతోనే. రోమా న్యాయశాస్త్రములో మరియొక అర్థము ఏర్పడెను: పరుని అప్పునకు తాను పూచీపడుట. ఆటంకపరచుటకును ఆదుకొనుటకును ఒకే మాటయా అని చదువరి ఆశ్చర్యపడవచ్చును. కాని మన ‘అడ్డు’ అను మాటయు అట్టిదే. పనికి అడ్డుపడువాడు వేరు, దెబ్బకు అడ్డుపడువాడు వేరు, మాట ఒక్కటే.

గ్రీకు మూలములో ఈ భేదము మరింత స్పష్టమగును. రోమా 8:34లోను హెబ్రీ 7:25లోను క్రీస్తు మన పక్షమున చేయుచున్న విజ్ఞాపనకు వాడబడిన ‘ఎంట్యుంఖానో’ అను క్రియ, ఐగుప్తులో దొరికిన పపైరసు పత్రములలో అధికారుల యెదుట అర్జీ పెట్టుకొనుటకు వాడబడినది. అర్జీ ఒకని కొరకు ఉండవచ్చును, ఒకనికి విరోధముగాను ఉండవచ్చును. రోమా 11:2లో ఏలీయా ఇశ్రాయేలీయులకు విరోధముగా దేవుని యెదుట పలికిన దానికి పౌలు ఇదే క్రియను వాడెను. తెలుగు అనువాదకులు అక్కడ విజ్ఞాపన అనక వాదించుట అనిరి. అది వారి వివేకము. అయినను ఒక నష్టము కలిగినది. ప్రవక్త ప్రజలపై మోపిన ఫిర్యాదును, కుమారుడు ప్రజల కొరకు చేయు మనవియు ఒకే క్రియతో చెప్పబడెనని తెలుగు చదువరికి తెలియదు. పొరుగువాని తప్పును ప్రార్థనలో ఏకరువు పెట్టువాడు ఈ రెంటిలో దేనిని చేయుచున్నాడో అతడే పరీక్షించుకొనవలెను.

హెబ్రీలోని ‘పాగా’ అను క్రియకు ఎదురుపడుట అని అర్థము. మొదటి రాజులు 2:25లో బెనాయా అదోనీయాపై పడి అతని చంపుటకును ఇదే మాట. యెషయా 53వ అధ్యాయములో ఇది రెండుమారులు వచ్చును: 6వ వచనములో మన దోషము సేవకునిమీద మోపబడుటకును, 12వ వచనములో అతడు అపరాధుల కొరకు విజ్ఞాపన చేయుటకును. తాను దెబ్బ తినినవాడే మనవి చేయుచున్నాడు.

ఈ కారణముచేత ‘సిఫారసు’ అను వాడుక మాట ఇక్కడ చాలదు. సిఫారసు పత్రము మనిషి యోగ్యుడని చెప్పును. నిర్గమకాండము 32లో మోషే ప్రజలు యోగ్యులని చెప్పలేదు. వారు చేసినది గొప్ప పాపమని ఒప్పుకొని, వారిని క్షమింపనియెడల తన పేరును గ్రంథము నుండి తుడిచివేయుమనెను.

రోమా న్యాయశాస్త్రపు అర్థమునకు సరియైన ఉదాహరణము ఫిలేమోను పత్రికలో కలదు. ఒనేసిము ఒకప్పుడు నిష్‌ప్రయోజకుడని పౌలు దాచలేదు. అతడు ఏదైన ఋణపడియున్నయెడల తన లెక్కలో చేర్చుమని, తానే తీర్చెదనని స్వహస్తముతో వ్రాసి సంతకము చేసెను. ఆ ఋణము ఎంతయో పత్రికలో వ్రాయబడలేదు.