హద్దు లేని వరుస

ప్రశ్న: అసింక్రనస్ పద్ధతిలో వ్రాసిన మా సర్వరు, వినియోగదారులు కొలదిమందియే యైనను, మెమరీ చాలక ఏల కూలిపోవుచున్నది?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: 1933లో నౌకావ్యాపారమునకు తెరువబడిన మన విశాఖ రేవునందు, బెర్తు ఖాళీ లేనపుడు ఓడలు వెలుపలి సముద్రముననే లంగరు వేసి నిరీక్షించుట మీరెరిగినదే. హద్దు విధింపని అసింక్రనస్ సర్వరన్ననో, ఏ కనెక్షను కొరకును ఆగక, వచ్చినదానినెల్ల బఫరులోని వరుసలో (క్యూలో) చేర్చుకొనుచు పోవును గనుక, పంపువాని వేగము పని నెరవేర్చువాని వేగమును మించినపుడు, హద్దు లేని ఆ వరుస మెమరీని సాంతము మ్రింగివేయును. ఉదాహరణకు, 2024 ఏప్రిల్‌లో వెల్లడియైన హెచ్‌టీటీపీ/2 'కంటిన్యుయేషన్' లోపమువలన, ముగింపు గుర్తు లేని హెడరు ఫ్రేములను ఎడతెగక పంపు ఒక్క కనెక్షనే కొన్ని సర్వర్లను కూల్చగలిగెను. కావున క్యూకు పరిమితిని, కనెక్షనుకు కాలావధిని, హెడరుకు గరిష్ఠ పరిమాణమును విధింపుడు. క్యూ నిండినపుడు సాకెట్టునుండి చదువుట నిలుపుడు.