పిల్లికి మధుమేహం తిరగబెట్టినప్పుడు

మధుమేహం మనుషులకు మాత్రమే వచ్చే వ్యాధి అని చాలామంది అనుకుంటారు. ఇంట పెరిగే పిల్లులకు కూడా ఇది వస్తుంది. వయసు మళ్ళి, బరువు పెరిగి, సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగిన మగ పిల్లులలో మరింత ఎక్కువగా కనిపిస్తుంది. "మా పిల్లికి షుగరు వచ్చి తగ్గింది. మళ్ళీ వచ్చింది. ఇంజెక్షను లేకుండా ఏదైనా చూర్ణం సెలవియ్యండి" అని అడిగే గృహస్థులు ఈమధ్య నా వద్దకు వస్తున్నారు. వారికి నేను చెప్పే సమాధానమే ఈ వ్యాసం. ఇందులో కొంత శాస్త్రం, కొంత స్వానుభవం ఉన్నాయి. ఆ అనుభవంలో నా పొరపాటు కూడా ఉన్నది కనుక దానితోనే ఆరంభిస్తాను.

మా ఇంటి అనుభవం

మా ఇంట కిట్టు అనే మగ పిల్లి ఉన్నది. 2021 ఆగస్టులో దానికి తొమ్మిదేళ్ళు, బరువు ఆరున్నర కిలోలు. ఉన్నట్టుండి గిన్నెల కొద్దీ నీళ్ళు త్రాగడం, మాటిమాటికి మూత్రం పోయడం, ఎంత తిన్నా చిక్కిపోవడం మొదలైంది. దాని ఇసుక తొట్టె చుట్టూ చీమలు బారులు తీరాయి. మూత్రానికి చీమలు చేరడాన్ని చరక సంహిత నిదానస్థానంలో ప్రమేహ పూర్వరూపాలలో ఒకటిగా చెప్పారు. చీమలను చూడగానే నాకు సంగతి అర్థమైంది. పశువైద్యులు రక్తం, మూత్రం పరీక్షించి మధుమేహమని నిర్ధారించారు. రోజుకు రెండు పూటలా ఇన్సులిన్, పిండిపదార్థం బాగా తక్కువగా ఉండే మాంసాహారం నిర్ణయించారు. నాలుగు నెలలలో రక్తంలో చక్కెర సమస్థితికి వచ్చింది. ఇన్సులిన్ ఆపివేశారు. ఇల్లంతా సంతోషించాము.

తరువాత పదహారు నెలలు ఏ ఇబ్బందీ లేదు. 2023 ఏప్రిల్‌లో దానికి ఒంటినిండా దురద పుట్టింది. మామూలుగా చూసే వైద్యులు ఊళ్ళో లేనందున మరొకరికి చూపించాను. పాత వ్యాధి సంగతి ఆయనకు నేను చెప్పలేదు. తగ్గిపోయినదానిని చెప్పడమెందుకు అనుకున్నాను. ఆయన దురదకు దీర్ఘకాలం పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షను చేశారు. అదే నెలలో వేసవి సెలవులకు మనుమలు వచ్చారు. తాము తినే పెరుగన్నం, బిస్కట్లు ముద్దుగా దానికీ పెట్టారు. జూన్ నాటికి నీళ్ళ గిన్నె మళ్ళీ ఖాళీ కాసాగింది. చీమలు మళ్ళీ వచ్చాయి.

అప్పుడైనా పరుగెత్తవలసింది. నేను పరుగెత్తలేదు. నలభై ఏళ్ళుగా మధుమేహ రోగులకు పొడపత్రి, నేరేడు గింజలు ఇచ్చిన అలవాటుతో అవే చూర్ణాలు కొద్దికొద్దిగా దాని ఆహారంలో కలిపాను. ఆ చేదుకు అది తిండి తగ్గించింది. ఎనిమిది రోజులు అలా గడిచాయి. తొమ్మిదవ నాడు వాంతులు చేసుకుని, మంచం క్రింద నుంచి లేవలేదు. ఆస్పత్రికి తీసుకుపోతే రక్తంలో కీటోన్లు చేరాయన్నారు. నాలుగు రోజులు సెలైను, ఇన్సులిన్ ఇచ్చి బ్రతికించారు. ఇంటికి తెచ్చిన రోజున మా ఇంటావిడ నన్ను ఒకే మాట అడిగింది: "చీమలను చూసి కూడా ఎందుకు ఆగారు?" ఆ ప్రశ్నకు సమాధానం వెతికే క్రమంలోనే ఈ క్రింది విషయాలు నేర్చుకున్నాను.

తగ్గడం వేరు, నయం కావడం వేరు

పిల్లి మధుమేహం మనుషుల రెండవ రకం మధుమేహాన్ని పోలి ఉంటుంది. రక్తంలో అధికంగా ఉన్న చక్కెరే క్లోమంలోని ఇన్సులిన్ కణాలను అలసింపజేస్తుంది. బయటి నుంచి ఇన్సులిన్ ఇచ్చి చక్కెరను దించితే ఆ కణాలకు విశ్రాంతి దొరికి, కొన్ని తిరిగి పనిలోకి వస్తాయి. ఇన్సులిన్ లేకుండానే నాలుగు వారాలకు మించి చక్కెర సమంగా ఉండి, లక్షణాలు లేకుంటే వ్యాధి ఉపశమించినట్లు వైద్యులు లెక్కిస్తారు. చికిత్స త్వరగా మొదలైతే ఈ అవకాశం ఎక్కువ. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, వ్యాధి తెలిసిన ఆరు నెలలలోగా గ్లార్జిన్ ఇన్సులిన్‌తో గట్టి నియమం పాటించిన పిల్లులలో నూటికి 84 ఉపశమనం పొందాయి. ఆలస్యంగా మొదలుపెట్టిన వాటిలో నూటికి 35 మాత్రమే పొందాయి.

అయితే చనిపోయిన కణాలు తిరిగి రావు. క్లోమంలో పేరుకున్న అమిలాయిడ్ అనే పదార్థమూ కరగదు. కనుక మిగిలిన శక్తి బొటాబొటిగా ఉంటుంది. ఉపశమనం పొందిన పిల్లులలో సుమారు నాలుగవ వంతు నుంచి మూడవ వంతు వరకు వ్యాధి తిరగబెడుతుంది. మన శాస్త్రంలో సాధ్యం, అసాధ్యం అనే రెంటికీ నడుమ యాప్యం అని ఒకటున్నది. పథ్యౌషధాలు సాగినంత కాలం అణగి ఉండి, అవి సడలగానే తల ఎత్తే వ్యాధి యాప్యం. పిల్లి మధుమేహ ఉపశమనం ఇటువంటిదే. అది నివురు గప్పిన నిప్పు. తిరగబెట్టడం కొత్త వ్యాధి కాదు, మొదటి చికిత్స విఫలమైనట్లూ కాదు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే గృహస్థు ఆశాభంగంతో కాలం వృథా చేయడు.

తిరగబెట్టడానికి కారణాలు

1. స్టెరాయిడ్ మందులు. దురదకు, ఉబ్బసానికి ఇచ్చే ఇంజెక్షన్లు, మాత్రలు రక్తంలో చక్కెరను పెంచుతాయి. ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా "దీనికి పూర్వం మధుమేహం ఉండేది" అన్నదే మొదటి మాటగా చెప్పవలెను.

2. తిరిగి బరువు పెరగడం.

3. ఆహారంలో పిండిపదార్థం చేరడం. అన్నం, రొట్టె, బిస్కట్లే కాదు, ధాన్యం కలిసిన పొడి గుళికల ఆహారం కూడా ఇందులోకే వస్తుంది.

4. దాగి ఉన్న ఇతర వ్యాధులు. పళ్ళ చిగుళ్ళ జబ్బు, మూత్రనాళంలో క్రిములు, క్లోమశోథ, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం వంటివి.

5. పీయూష గ్రంథిలో కంతి ఏర్పడి పెరుగుదల హార్మోను ఎక్కువ కావడం. బ్రిటన్‌లో 2015లో వెలువడిన పరిశోధనలో మధుమేహమున్న పిల్లులలో దాదాపు నాలుగవ వంతుకు ఇది ఉన్నట్లు అంచనా వేశారు. ఇన్సులిన్ మోతాదు పెంచుతున్నా చక్కెర దిగకపోతే వైద్యుని దీని గురించి అడగవలెను.

చీమల కోసం ఎదురుచూడవద్దు

మా ఇంటావిడ ప్రశ్నకు మొదటి సమాధానం ఇది. మనుషులలో రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రంలోకి దిగుతుంది. పిల్లిలో ఆ హద్దు ఇంకా ఎక్కువ, సుమారు 250 దాటాలి. అంటే తొట్టె దగ్గర చీమలు చేరేసరికే వ్యాధి చాలా దూరం వచ్చి ఉంటుంది. మనిషికి పూర్వరూపమైనది పిల్లికి ఆలస్యపు సూచన అవుతున్నది.

కనుక ఉపశమనం పొందిన పిల్లిని ఇంట ఇలా గమనించవలెను. వారానికి ఒకసారి తూకం వేసి వ్రాసి ఉంచవలెను. పిల్లిని ఎత్తుకుని తూకం ఎక్కి, తరువాత ఒంటరిగా ఎక్కి, తేడా చూస్తే చాలు. నీళ్ళను కొలపాత్రతో పోసి, మర్నాడు మిగిలినదానిని కొలవవలెను. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే నిస్సందేహంగా అధికం. అంతకు లోపలైనా, మామూలు కంటే పెరిగితే పట్టించుకోవలసిందే. ఇసుకలో మూత్రపు ముద్దల పరిమాణం చూడవలెను. వెనుక కాళ్ళ మడమలు నేలకు ఆనించి నడుస్తుంటే నరాలు దెబ్బతిన్నట్లు.

చెవి అంచున చిన్న గాటు పెట్టి గ్లూకోమీటరుతో ఇంటనే రక్తం చూడవచ్చును. పశువైద్యుని వద్ద ఒకసారి నేర్చుకుంటే కష్టం కాదు. మనుషుల కోసం చేసిన యంత్రం పిల్లి రక్తానికి ఉన్నదాని కంటే తక్కువ అంకె చూపవచ్చునని గుర్తుంచుకోవలెను. ఆస్పత్రిలో భయానికి కూడా పిల్లి చక్కెర పెరుగుతుంది. అనుమానం ఉంటే ఫ్రక్టోసమిన్ అనే రక్తపరీక్ష గడచిన రెండు వారాల సరాసరి స్థితిని తెలుపుతుంది.

తిరగబెట్టినప్పుడు చేయవలసినవి

ఆలస్యం చేయక మళ్ళీ ఇన్సులిన్ మొదలుపెట్టించవలెను. రెండవసారి ఉపశమనం కలగడం మొదటిసారి కంటే కష్టమే గాని అసంభవం కాదు. ఆ అవకాశం త్వరగా మొదలుపెట్టిన వారికే ఎక్కువ. పాత చీటీలోని మోతాదును, అల్మారాలో మిగిలిన పాత సీసాను స్వయంగా వాడకూడదు. ఎంత ఇవ్వాలో వైద్యుడు కొత్తగా నిర్ణయించాలి.

సిరంజి విషయం మన దేశంలో మరీ ముఖ్యం. ఇక్కడ మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, 100 యూనిట్ల ఇన్సులిన్ రెండూ అమ్ముతారు. సిరంజిలూ వేర్వేరు. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత సాధారణం. గ్లార్జిన్ సీసా 100 రకం. దానిని 40 సిరంజిలో ఒక యూనిట్ గీత వరకు తీస్తే నిజానికి రెండున్నర యూనిట్లు వెళుతుంది. అయిదు కిలోల జీవికి అది ప్రాణాంతకం కావచ్చును. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడవలెను.

పిల్లులకు మధుమేహ మాత్రలు వచ్చాయి కదా అని కొందరు అడుగుతారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రను, 2023 ఆగస్టులో వెలాగ్లిఫ్లోజిన్ ద్రావకాన్ని అనుమతించినది. అయితే ఆ రెండూ అంతకుముందు ఇన్సులిన్ తీసుకోని పిల్లులకు ఉద్దేశించినవి. ఒకసారి ఇన్సులిన్ వాడి ఉపశమించి, మళ్ళీ తిరగబెట్టిన పిల్లి ఆ కోవలోకి రాదు. అటువంటి పిల్లికి అవి కీటోన్ల ప్రమాదం తెచ్చిపెట్టగలవు.

పథ్యం, అపథ్యం

ఇంటావిడ ప్రశ్నకు రెండవ సమాధానం ఇక్కడున్నది. నేను పిల్లిని మనిషిగా భావించి చికిత్స చేశాను. మన పూర్వులు ఆ పొరపాటు చేయలేదు. ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదం, గుర్రాలకు శాలిహోత్రుని శాస్త్రం విడివిడిగా ఉండటమే అందుకు సాక్ష్యం. ఏ జీవి సాత్మ్యం దానిదే.

పిల్లి కేవల మాంసాహారి. దానికి తీపి రుచి తెలియదు. పిండిపదార్థాన్ని వినియోగించుకునే శక్తి దాని కాలేయంలో తక్కువ. టారిన్ అనే పదార్థం మాంసం నుంచే అందాలి. అది లోపిస్తే కంటిచూపు, గుండె రెండూ చెడుతాయి. మాది శాకాహార గృహం. పెరుగన్నంతో పిల్లిని పెంచిన సంప్రదాయం మాది. అయినా మా నియమం మాది, దాని ధర్మం దానిది అని సమాధానపడి, ధాన్యం లేని తడి ఆహారం పొట్లాలు తెప్పిస్తున్నాము. ఉడికించిన కోడిమాంసం ఒక్కటే నిత్యం పెట్టినా సరిపోదు. అందులో సున్నం మొదలైనవి చాలవు. ఇన్సులిన్ వాడుతున్న పిల్లికి ఆహారం మార్చేటప్పుడు వైద్యునికి చెప్పి మార్చవలెను. పిండిపదార్థం తగ్గితే ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది.

ఈ క్రిందివి కూడనివి:

లంఘనం. మనుషులకు మేలు చేసే ఉపవాసం పిల్లికి విషతుల్యం. రెండు మూడు రోజులు తినకపోతే, అందులోనూ లావు పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

కాకర, మెంతులు, పొడపత్రి, నేరేడు వంటివి ఇన్సులిన్‌కు బదులుగా ఇవ్వడం. మనిషి మోతాదును బరువు లెక్కన భాగించి పిల్లికి ఇవ్వడం వైద్యం కాదు. దాని కాలేయం అనేక ద్రవ్యాలను మనలాగా విరిచివేయలేదు.

ఉల్లి, వెల్లుల్లి. వండినవైనా, పొడియైనా పిల్లి రక్తకణాలను నాశనం చేస్తాయి.

అత్యవసర సూచనలు

తూలడం, వణుకు, ఫిట్లు కనిపిస్తే చక్కెర పడిపోయినట్లు భావించవలెను. తేనె గాని గ్లూకోజు నీళ్ళు గాని చిగుళ్ళకు కొద్దిగా రాసి, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవలెను. స్పృహ లేనప్పుడు నోట్లో పోయకూడదు. తరువాతి మోతాదు వైద్యుని అడగకుండా ఇవ్వకూడదు.

తిండి మానడం, వాంతులు, మగత, ఊపిరిలో వింత వాసన ఉంటే కీటోన్లు చేరి ఉండవచ్చును. తెల్లవారే వరకు కూడా ఆగరాదు.

గృహవైద్యం అంటే చూర్ణం ఒక్కటే కాదు. కొలత, వేళ, పథ్యం కూడా గృహవైద్యమే. ఈ వ్యాధిలో గృహిణి చేతిలో ఉన్న గొప్ప ఔషధాలు అవే. మా కిట్టుకు రెండవసారి ఇన్సులిన్ ఆపే యోగం కలగలేదు. ఉదయం ఏడింటికి, రాత్రి ఏడింటికి దానికి సూది వేస్తాము. గిన్నె ముందు పెట్టగానే తింటూ నిలబడుతుంది, సూది పడినట్లే గమనించదు. ఇప్పుడు దానికి పదమూడేళ్ళు దాటాయి. మనుమలు సెలవులకు వచ్చినప్పుడు తూకం చీటీ వారే వ్రాస్తున్నారు. బిస్కట్ల డబ్బా మాత్రం పై అరలో ఉంటున్నది.