రాజు ప్రశ్నకూ నెహెమ్యా జవాబుకూ మధ్య

ఈ వారం వీడియోలో టైమ్ చాలక వదిలేసిన ఒక సంగతి ఇక్కడ రాస్తున్నాను. ధ్యాన భాగం నెహెమ్యా గ్రంథం 1:1 నుంచి 2:8 వరకు. బైబిల్ తెరిచి పక్కన పెట్టుకోండి.

ముందు నా సంగతి చెప్తాను. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పోయిన ఏడాది ఒక రిలీజ్ రాత్రి మా పేమెంట్ పేజీ ఆగిపోయింది. పదకొండింటికి అందరం కాల్‌లో ఉన్నాం. "సాయంత్రం నుంచి కాన్ఫిగ్ ఎవరైనా మార్చారా?" అని మేనేజర్ అడిగారు. మార్చింది నేనే, అదీ టెస్ట్ చేయకుండా. కానీ అప్పటికే అందరి అనుమానం టీమ్‌లో కొత్తగా చేరిన ఒక తమ్ముడి కోడ్ మీదికి వెళ్లింది. నేను మ్యూట్‌లో ఉన్నాను. రెండు వారాల్లో అప్రైజల్. ఊరుకుంటే ఆ రాత్రికి గట్టెక్కొచ్చు.

ఆ నాలుగైదు సెకన్లలో నాకు వచ్చిన ప్రార్థన ఒక్కటే: "ప్రభువా, సహాయం చెయ్యి." అన్‌మ్యూట్ చేసి, "నేనే మార్చాను సర్" అన్నాను.

ఇప్పుడు వాక్యానికి వద్దాం. నెహెమ్యా షూషను కోటలో అర్తహషస్త రాజుకు ద్రాక్షారసం అందించేవాడు. యెరూషలేము గోడ కూలిపోయి ఉందని, గుమ్మాలు కాలిపోయాయని విన్నప్పటి నుంచి అతని మనసు మనసులో లేదు. ఒకరోజు రాజు అతని ముఖం చూసి కారణం అడిగాడు, తర్వాత ఏం కావాలో చెప్పమన్నాడు. జవాబిచ్చే ముందు నెహెమ్యా దేవునికి ప్రార్థన చేశాడని 2:4లో చదువుతాం. గదిలోకి వెళ్లి మోకరించే వీలు లేదు. ఎదురుగా రాజు ఉన్నాడు.

ఇక్కడ మూడు సంగతులు గమనించండి.

1. చిన్న ప్రార్థన వెనుక పెద్ద ప్రార్థన ఉంది. అతను వార్త విన్నది కిస్లేవు మాసంలో, రాజు అడిగింది నీసాను మాసంలో. మధ్యలో దాదాపు నాలుగు నెలలు. వార్త విన్నప్పుడే ఏడ్చి, ఉపవాసముండి, రాత్రింబగళ్లు ప్రార్థించాడు (1:4-6). "ఫోన్ పట్టుకోకముందు పది నిమిషాలు మోకరించు నాన్నా" అని అమ్మ ఎన్నోసార్లు చెప్పేది. కొన్ని నెలల ముందే అది మొదలుపెట్టాను. లేకపోతే ఆ రాత్రి నాకు దేవుడు కాదు, సాకు గుర్తొచ్చేది.

2. భయపడినవాడే మాట్లాడాడు. చాలా భయపడ్డానని నెహెమ్యా తానే రాసుకున్నాడు (2:2). భయం వేసినంత మాత్రాన విశ్వాసం లేదని కాదు. నా చేతులు కూడా వణికాయి.

3. ప్రార్థించినవాడు సిద్ధపడి కూడా ఉన్నాడు. ఎన్నాళ్లు పడుతుందో చెప్పాడు, దారిలో అధికారులకు లేఖలు అడిగాడు, దూలాలకు మ్రాను కావాలని అడవి కాసే ఆసాపుకు లేఖ అడిగాడు (2:6-8). టెస్ట్ చేయకుండా మార్చేసి, ఆగిపోయాక ప్రార్థించడం విశ్వాసం కాదు, బద్ధకం. ఇది ముందు నాకే వర్తిస్తుంది.

తర్వాత ఏమైందంటారా? పది నిమిషాల్లో సైట్ సరిచేశాం. అప్రైజల్‌లో మాత్రం నా రేటింగ్ తగ్గింది. దేవుడు దాన్ని కాపాడాడని సాక్ష్యం చెప్పాలని నాకూ ఉంది, కానీ అలా జరగలేదు. నెహెమ్యా గోడ కూడా 52 రోజుల్లో పూర్తయింది గానీ, ఎగతాళి, బెదిరింపుల మధ్యే. అయితే ఆ తమ్ముడి మీద నింద పడలేదు. ఆ రాత్రి నేను నిద్రపోగలిగాను.

ఈ వారం మీకూ ఇలాంటి నాలుగు సెకన్లు ఎదురవుతాయి. ఆఫీసులోనో, ఇంట్లోనో, బండి ఆపిన పోలీసు ముందో. అవి ఎప్పుడు వస్తాయో తెలీదు కాబట్టి రేపు ఉదయమే మోకాళ్ల మీద మొదలుపెట్టండి.

ప్రార్థన: తండ్రీ, మమ్మల్ని అడిగే ప్రతి ప్రశ్నకూ మా జవాబుకూ మధ్య నువ్వు గుర్తొచ్చేలా చెయ్యి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.