సగము ప్రభుత్వము, సగము పరిశ్రమ

మన పాఠశాలలో చదువుచున్న పిల్లల తల్లిదండ్రులు కొందఱు ఈ మధ్య నన్నొక ప్రశ్న అడిగిరి. "చిప్పులు చేయు కర్మాగారములకు ప్రభుత్వము సగము ఖర్చు భరించునట. లాభము కంపెనీలదైనప్పుడు మన పన్నుల సొమ్ము వారికేల?" ప్రశ్న న్యాయమైనదే. దీనికి ఒక్కమాటలో జవాబు లేదు. ఇట్టి ఏర్పాటు మనకంటె ముందు జపాను, అమెరికా దేశములలో జరిగియున్నది. అందును చిప్పుల కర్మాగారమును నడిపించు సాఫ్ట్‌వేరు విషయమున అది ఎట్లు సాగెనో చూచినచో, ఆ ప్రశ్నను మనము సరిగా తూచగలము.

ముందుగా ఆ సాఫ్ట్‌వేరు చేయు పని యేమో తెలియవలెను. చిప్పులు వేఫరు అను పలుచని సిలికాను బిళ్ళపై తయారగును. ఆ బిళ్ళ కొన్ని వందల మెట్లు దాటవలెను. వచ్చిన యంత్రము వద్దకే పలుమారులు తిరిగి రావలెను. మొదటినుండి చివరివరకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. సాధారణముగా 25 బిళ్ళలను ఒక పెట్టెలో జట్టుగా నుంచి నడపుదురు. కర్మాగారములో ఒకే సమయమున ఎన్నో జట్లు తిరుగుచుండును. ఏ జట్టు ఏ మెట్టుననున్నది, తరువాత ఏ యంత్రమునకు పోవలెను, అచ్చట ఎంత వేడిమిలో, ఏ వాయువుతో, ఎన్ని క్షణములుండవలెను అను లెక్కనంతయు కాగితముపై మనుష్యులు నిర్వహించుట కష్టసాధ్యము. ఒక జట్టునకు మఱియొక జట్టుయొక్క విధానము పొరపాటున పడినచో 25 బిళ్ళలును పాడగును.

రెండవ పని దిద్దుబాటు. మన యిండ్లలో దోసెలు పోయునప్పుడు మొదటి దోసె మాడినచో రెండవదానికి మంట తగ్గింతురు. ఇరువది దోసెలు మాడువఱకు ఎవ్వరును వేచియుండరు. కర్మాగారములోను అంతే. ఒక జట్టు బయటికి రాగానే దాని పొర మందమును కొలిచి, తరువాతి జట్టునకు యంత్రపు అమరికను కొంచెము సవరింతురు. కొలుచుట యంత్రము పని. ఎంత సవరింపవలెనో గణించుట సాఫ్ట్‌వేరు పని. వినుటకు చిన్నదిగా తోచును గాని, లాభనష్టములు తఱచు ఈ సవరణలోనే తేలును.

చిక్కు ఎచ్చట వచ్చినదనగా, యంత్రములు చేయువారు పలువురు. ఒక్కొక్కరి యంత్రము ఒక్కొక్క తీరున సంకేతములు పంపును. నాలుగు భాషలవారున్న వీధిలో కాపురముండువారికి ఈ యవస్థ నేను వర్ణింపనక్కరలేదు. ప్రతి చిప్పుల కంపెనీయు ఆ యంత్రములనన్నిటిని కలుపుటకు తన సాఫ్ట్‌వేరును తానే వ్రాసికొనుచుండెను. ఒకరు చేసిన పనినే పదిమందియు మరల మరల చేయుచుండిరి. ఫలానివారి కర్మాగారపు లెక్కలు చక్కగా నున్నవని ఎవ్వరును చిప్పు కొనరు; కావున ఈ పనిలో రహస్యమునకుగాని పోటీకిగాని పెద్ద ప్రయోజనము లేదు. అయినను కలిసి చేయుటకు ఎవరును ముందడుగు వేయలేదు.

కలిసి పనిచేయుటకు మార్గము మొదట జపాను చూపినది. 1976లో ఆరంభమై నాలుగేండ్లు నడచిన అచ్చటి వి.ఎల్.ఎస్.ఐ. పథకములో ఫుజిట్సు, హిటాచి, మిట్సుబిషి, ఎన్.ఇ.సి., తోషిబా అను అయిదు సంస్థలు ఒక్కటైనవి. మొత్తము వ్యయము సుమారు 7,000 కోట్ల యెన్‌లు. అందు అయిదింట రెండు వంతులు ప్రభుత్వమిచ్చెను. తదుపరి పదేండ్లలో, అనగా 1986 నాటికి, ప్రపంచపు చిప్పుల విక్రయములో జపాను అమెరికాను దాటిపోయెను. ఆ పథకమొక్కటే దీనికి కారణమని చెప్పరాదుగాని అమెరికావారు దానిని శ్రద్ధగా గమనించిరనుట నిజము.

1987లో 14 అమెరికా కంపెనీలు సెమాటెక్ అను ఉమ్మడి సంస్థను స్థాపించినవి. మరుసటి యేడు అది టెక్సాస్ రాష్ట్రములోని ఆస్టిన్ నగరమున పని ప్రారంభించెను. రక్షణశాఖకు చెందిన డార్పా ద్వారా ప్రభుత్వము ఏటేట 10 కోట్ల డాలర్లు ఇచ్చుటకును, సభ్యులు దానికి సమానముగా వేసికొనుటకును ఒప్పందమయ్యెను. సభ్యత్వ రుసుము చిప్పుల విక్రయములో నూటికొక వంతు. ఎంత చిన్న కంపెనీయైనను 10 లక్షల డాలర్లకు తగ్గరాదు, ఎంత పెద్దదైనను కోటిన్నరకు మించనక్కరలేదు. ఇంటెల్ స్థాపకులలో నొకరును, ఇంటిగ్రేటెడ్ సర్క్యూటును కనిపెట్టినవారిలో నొకరునైన రాబర్ట్ నాయిస్ దానికి అధిపతియై, 1990లో మరణించువఱకు నడిపెను.

సెమాటెక్ మొదట తానే ఒక కర్మాగారము కట్టి పద్ధతులు సాధింపనెంచెను. కొలదికాలములోనే మార్గము మార్చుకొనెను. ఏ కంపెనీయు తన మంచి పద్ధతిని పదుగురి ముందు పెట్టదు గదా! అందుచేత అందఱికి కావలసిన యంత్రముల మీదను, వానిని అమ్ము చిన్న సంస్థల మీదను, ప్రమాణముల మీదను దృష్టి నిలిపెను.

ఇదే కాలమున, 1988 మొదలు 1993 వఱకు, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ అమెరికా వాయుసేనతోను డార్పాతోను వ్యయము పంచుకొని ఎం.ఎం.ఎస్.టి. అను వేఱొక పథకము నడిపెను. మన ప్రస్తుతాంశమునకు ఇదియే అసలు దృష్టాంతము. అందు బిళ్ళలను జట్లుగా గాక ఒక్కొక్కటిగా నడపిరి. యంత్రములోనే కొలత తీసి, అప్పటికప్పుడు సవరించు సాఫ్ట్‌వేరును కొత్తగా వ్రాసిరి. 1993లో 0.35 మైక్రాను చిప్పులను మూడు దినములలోపలనే పూర్తిచేసి చూపిరి. వారముల పని దినములలోనికి వచ్చినది! ఆ సాఫ్ట్‌వేరు నిర్మాణము ఆధారముగా సెమాటెక్ వేర్వేఱు కంపెనీల సాఫ్ట్‌వేరు భాగములు ఒకదానితో నొకటి అమరుటకు తగిన ఉమ్మడి చట్రమును 1990వ దశాబ్దిలో రూపొందించి ప్రకటించెను. ఆ కంపెనీ తన వంతు సొమ్ముతో తన పని చేసికొన్నది. ప్రజల వంతు సొమ్ముతో పుట్టిన దానిలో కొంత పదుగురికి అందెను.

దీనిపై ఆక్షేపణలు లేకపోలేదు. సైప్రెస్ సెమీకండక్టర్ అధిపతి టి.జె. రాడ్జర్స్, ఈ సొమ్ము పెద్ద కంపెనీల పాలగుచున్నదనియు, చిన్నవారికి ప్రవేశమే లేదనియు బహిరంగముగా విమర్శించెను. 10 లక్షల డాలర్ల కనీస రుసుమును చూచినచో ఆయన మాటను త్రోసివేయలేము. 1992లో మైక్రాన్, ఎల్.ఎస్.ఐ. లాజిక్ కంపెనీలు సభ్యత్వము వదలుకొన్నవి. ఆర్థికశాస్త్రవేత్తలు డగ్లస్ ఇర్విన్, పీటర్ క్లెనో 1996లో ప్రకటించిన పరిశోధనము మఱింత ఆలోచింపదగినది. సెమాటెక్‌లో చేరిన కంపెనీల పరిశోధన వ్యయము మొత్తముమీద ఏటికి సుమారు 30 కోట్ల డాలర్లు తగ్గినదని వారు లెక్కగట్టిరి. చేసిన పనినే మరల చేయుట తప్పినదని దీని భావము. మిగులు కంపెనీలదే యైనచో కంపెనీలే ఖర్చు పెట్టుకొనవచ్చును గదా, ప్రభుత్వమెందుకను ప్రశ్న వెంటనే వచ్చును. 1994లో సెమాటెక్ పాలకమండలియే 1996 తరువాత ప్రభుత్వధనము వలదని తీర్మానించెను. 1996 నాటికి ప్రభుత్వమిచ్చినది 80 కోట్ల డాలర్లకు మించెను.

నా యభిప్రాయము చెప్పుదును. ఊరి సొమ్ము సగము వేసి ఒక రైతు పొలములో బావి త్రవ్వించినచో, ఆ నీరు ఊరికెంత దక్కునని అడుగవలెను. రైతు తన సగము వేసినాడు గనుక త్రవ్వకము శ్రద్ధగా జరుగును. సగము పద్ధతిలోని మేలు అది. కాని నీటి మాట మొదటనే వ్రాసికొననిచో పిమ్మట ఎవ్వరును వ్రాయరు.

ఇక మన దేశము. 2021 డిసెంబరులో కేంద్రప్రభుత్వము 76,000 కోట్ల రూపాయల సెమీకండక్టరు కార్యక్రమమును ఆమోదించెను. 2022లో చేసిన సవరణ ప్రకారము చిప్పుల కర్మాగారమునకు ప్రాజెక్టు వ్యయములో సగము కేంద్రమిచ్చును. చిప్పుల నమూనా తయారుచేయు సంస్థలకు అర్హమైన ఖర్చులో సగమువఱకు, ఒక దరఖాస్తునకు 15 కోట్లకు మించకుండ, ఖర్చు చేసిన పిమ్మట తిరిగి ఇత్తురు. ఒడిశాలోని మనవారికి తెలిసియుండును: 2025 ఆగస్టులో భువనేశ్వరమున సిలికాను కార్బైడు చిప్పుల కర్మాగారమునకును, ఆంధ్రప్రదేశములో చిప్పుల ప్యాకేజింగు కర్మాగారమునకును అనుమతి లభించెను. ఇవి కంపెనీల ఆస్తులు; వీనియందు బావి నీటి ప్రశ్న అడుగదగినదే.

అడిగినచో జవాబు చెప్పదగిన ఏర్పాటొకటి కలదు. బెంగుళూరులోని సి-డాక్ సంస్థలో నెలకొల్పిన చిప్‌ఇన్ కేంద్రము, ఖరీదైన నమూనా సాఫ్ట్‌వేరును దేశములోని కళాశాలలకును చిన్న సంస్థలకును ఉమ్మడిగా అందించుచున్నది. 85,000 మందికి శిక్షణ ఇవ్వవలెనను మఱియొక కేంద్రపథకము దీనినే ఆధారము చేసికొన్నది. అయితే అది నమూనా గీయు సాఫ్ట్‌వేరు. కర్మాగారమును నడుపు సాఫ్ట్‌వేరు వేఱు. ఈ రెండవదానికి కంప్యూటరు విద్య యొక్కటే చాలదు. యంత్రము, రసాయనము, గణాంకశాస్త్రము తెలిసినవారు కావలెను. పిల్లవానిని ఏ కోర్సులో చేర్పింపవలెనని అడుగువారు కళాశాలకు పోయినప్పుడు అచ్చటి విద్యార్థులకు చిప్‌ఇన్ సాఫ్ట్‌వేరు అందుచున్నదా, గణాంకశాస్త్రము ఎంతవఱకు చెప్పుదురు అను రెండు సంగతులు విచారింపుడు. మా పదవ తరగతిలో సగటు పాఠమును ఈ యేడు దోసెల లెక్కతోనే ఆరంభించితిని. పిల్లలు పెనము వేడిమికి పట్టిక గీసికొని వచ్చిరి.