పీచుమిఠాయి నుంచి నానోపోగు దాకా

చలికాలంలో ఢిల్లీని పొగమంచు కమ్మితే మన ఆటల పీరియడ్ ఆగిపోతుంది. గాలిలోని వాయువులను పసిగట్టే పరికరాలలో కొన్నింటికి తగరపు ఆక్సైడే ముక్కు. దాన్ని సన్నని పోగులుగా తీస్తే ఆ ముక్కు మరింత చురుకవుతుంది. ఎలాగో తెలుసుకుందాం.

పీచుమిఠాయి తయారీ మనం చూసిందే. కరిగిన చక్కెరను గిర్రున తిప్పితే సన్నని రంధ్రాల నుంచి దారాలై వస్తుంది. ఇక్కడ తిప్పే పనికి బదులు విద్యుత్తు లాగుతుంది. తగరపు లవణాన్నీ, జిగురులాంటి పాలిమర్‌నూ ఆల్కహాల్ వంటి ద్రవంలో కలిపి సిరంజిలో నింపుతారు. సూదికీ, జానెడు దూరంలోని లోహపు రేకుకూ మధ్య 10 నుంచి 20 కిలోవోల్టులు పెడతారు. మన ఇంటి కరెంటు 230 వోల్టులే! సూది కొసన ఉన్న బొట్టు శంకువులా సాగుతుంది. దాని మొన నుంచి సన్నని ధార మెలికలు తిరుగుతూ దూకుతుంది. దారిలోనే ద్రవం ఆవిరై, పోగు రేకు మీద పడుతుంది.

ఆ పోగులను కొలిమిలో సుమారు 500 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే పాలిమర్ కాలిపోతుంది. తగరపు ఆక్సైడు పోగు రూపంలోనే మిగులుతుంది.

సన్నదనం ఎందుకు? అంతే పదార్థాన్ని పదోవంతు మందంతో పోగు తీస్తే ఉపరితలం పది రెట్లవుతుంది. వేడిగా ఉంచిన పోగు మీద గాలిలోని ఆక్సిజన్ అంటుకుని ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతుంది. కార్బన్ మోనాక్సైడు వచ్చి ఆ ఆక్సిజన్‌తో కలిస్తే ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి, విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఆ తగ్గుదలే మనకు హెచ్చరిక.

మరి పోగు సరిగా వచ్చిందని తెలిసేదెలా? మన బడి మైక్రోస్కోపు చాలదు. కాంతితో చూసే మామూలు మైక్రోస్కోపుకు సుమారు 200 నానోమీటర్ల కన్నా చిన్న వివరాలు విడివిడిగా కనబడవు. అందుకే స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వాడతారు. గాలి తీసేసిన గదిలో ఎలక్ట్రాన్ పుంజం, నాగలి సాలు వెంట సాలు దున్నినట్టు, నమూనా మీద వరుసగా కదులుతుంది. అక్కడి నుంచి వెలువడే ఎలక్ట్రాన్లను లెక్కించి చిత్రం కడతారు. అందుకే అది నలుపు తెలుపుల్లోనే ఉంటుంది. విద్యుదావేశం పేరుకోకుండా నమూనాకు ముందుగా పలుచని బంగారు పూత వేస్తారు. చిత్రంలో దారానికి గుచ్చినట్టు పూసలు కనబడితే, చాలాసార్లు ద్రావణం పలుచనైందని అర్థం. మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే!

హౌజ్‌ఖాస్‌లోని ఐఐటీలోనూ, పూసాలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలోనూ ఇలాంటి మైక్రోస్కోపులు ఉన్నాయి. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వచ్చేలోపు, మాస్టారితో కలిసి ఒక్కసారైనా చూసి వద్దాం.