తాస్త్‌వాన్: వైన్ రంగు తేల్చే వెండి గిన్నె

ఫ్రాన్స్‌లోని బర్గండీలో వైన్ తయారీదారులు, వ్యాపారులు వాడిన లోతులేని చిన్న వెండి గిన్నె తాస్త్‌వాన్. వైన్ నిల్వ ఉంచే నేలమాళిగల్లో అప్పట్లో కొవ్వొత్తి వెలుగే దిక్కు. ఆ మసకలో, లోతైన పాత్రలో పోస్తే ఎర్ర వైన్ నల్లగానే కనిపిస్తుంది. ఈ గిన్నె అడుగున ఉబ్బు, చుట్టూ నొక్కులు, గీతలు ఉంటాయి. అవి వెలుగును తిప్పికొట్టడంతో, పలుచగా పరుచుకున్న వైన్ రంగు, తేటదనం బయటపడతాయి. వాసన చూడటానికి మాత్రం అంతగా పనికిరాదు. అందుకే గాజు గ్లాసు ముందు నిలవలేకపోయింది. ఇప్పుడిది వైన్ వడ్డించే సొమలియేల మెడలో గొలుసుకు వేలాడే హోదా చిహ్నం, అలంకారమే ఎక్కువ.

అమ్మకాలు పడిపోయిన బర్గండీ వైన్‌కు ప్రచారం కోసం 1934లో నుయీ-సాన్-జార్జ్‌లో ఈ గిన్నె పేరుతోనే ‘షెవాలియే ద్యు తాస్త్‌వాన్’ సంఘం ఏర్పడింది. దాని ప్రస్తుత కేంద్రం క్లో ద వూజో కోట.