పాఠం 17: తక్కువ నీటితో శుభ్రపడే మరుగుదొడ్డిని ఎంచుకోవడం

17.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- మరుగుదొడ్డి శుభ్రపడటానికి నీటితోపాటు ఇంకా ఏమేమి అవసరమో చెప్పగలుగుతారు.
- నీటి సీలు అంటే ఏమిటో, అది ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
- మీ ఇంటికి తగిన బేసిన్‌ను, ట్రాప్‌ను దుకాణంలో పరిశీలించి ఎంచుకోగలుగుతారు.
- మేస్త్రీ పనిని సరిచూడగలుగుతారు.

17.2 పరిచయం

కట్టి కూడా వాడకుండా వదిలేసిన మరుగుదొడ్లను మీరు చూసే ఉంటారు. కొన్నిటిలో కట్టెలు, పిడకలు పెట్టుకుంటారు. కారణం అడిగితే, "ఎన్ని నీళ్లు పోసినా పోదండీ" అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ ఇంటివాళ్లకు అలవాటు లేదని మనం తేలికగా అనేస్తాం. కాని చాలాసార్లు లోపం కొన్న సామానులో, దాన్ని అమర్చిన తీరులో ఉంటుంది.

2014 అక్టోబరు 2న ప్రారంభమైన స్వచ్ఛ భారత్ మిషన్ కింద గ్రామాలలో అర్హులైన కుటుంబాలకు మరుగుదొడ్డి కట్టుకోవడానికి 12,000 రూపాయల ప్రోత్సాహకం లభించింది. డబ్బు ఎక్కడి నుంచి వచ్చినా బేసిన్ ఒకసారి సిమెంటులో కూర్చున్న తరువాత మార్చడం కష్టం. కాబట్టి కొనేముందే తెలుసుకోవాలి.

17.3 నీళ్లు ఎవరు మోస్తారు?

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక ఇంట్లో ఐదుగురు ఉన్నారు. ప్రతి ఒక్కరూ రోజుకు ఒకసారి మరుగుదొడ్డికి వెళతారు. బిందెకు 15 లీటర్ల నీరు పడుతుంది అనుకోండి.

మొదటి రకం: ఒకసారికి 2 లీటర్లు చాలు. రోజుకు 10 లీటర్లు, 30 రోజులకు 300 లీటర్లు, అంటే 20 బిందెలు.

రెండవ రకం: ఒకసారికి 10 లీటర్లు కావాలి. రోజుకు 50 లీటర్లు, 30 రోజులకు 1,500 లీటర్లు, అంటే 100 బిందెలు.

తేడా నెలకు 80 బిందెలు. ఇంట్లో కుళాయి లేకపోతే ఈ 80 బిందెలను చేతి పంపు నుంచి మోసేది ఎవరు? ఎక్కువ ఇళ్లలో స్త్రీలు, ఆడపిల్లలు. వేసవిలో నీళ్లు దొరకనప్పుడు మొదట మానేసేది మరుగుదొడ్డి వాడకమే. బేసిన్‌ను ఎంచుకునేటప్పుడు నీళ్లు మోసేవారి మాట కూడా వినాలి.

17.4 బేసిన్ వాలు

రెండు బేసిన్లను పక్కపక్కన పెట్టి చూడండి. పట్టణాలలో ఫ్లష్ ట్యాంకుతో వాడే మామూలు బేసిన్ అడుగు దాదాపు చదునుగా ఉంటుంది. మలం అక్కడే నిలిచిపోతుంది. దాన్ని తోయడానికి నీరు వేగంగా, ఎక్కువగా రావాలి.

చెంబుతో, బకెట్‌తో నీళ్లు పోసే ఇళ్ల కోసం తయారయ్యేది గ్రామీణ బేసిన్. దీని అడుగు 25 నుంచి 28 డిగ్రీల వాలుతో ఉంటుంది. మీ కోణమానినితో ఒక కాగితం మీద ఈ కోణం గీసి చూడండి. ఇంత వాలు మీద మలం నిలవదు, కిందికి జారుతుంది. నీరు దాన్ని తోయనక్కరలేదు, జారడానికి సాయపడితే చాలు.

బేసిన్ నున్నగా ఉండాలి. పింగాణీ బేసిన్ నున్నగా ఉంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. సిమెంటు, మొజాయిక్ బేసిన్లు చౌక. అయితే కాలక్రమంలో గరుకుబారి, మురికి పట్టుకుంటాయి. అప్పుడు నీరు ఎక్కువ పోయవలసి వస్తుంది.

17.5 ట్రాప్, నీటి సీలు

బేసిన్ కింద ఉండే వంపు గొట్టమే ట్రాప్. ఆ వంపులో కొంచెం నీరు ఎప్పుడూ నిలిచి ఉంటుంది. ఈ నీరు మూతలాగా పనిచేసి, గుంతలోని వాసనను, ఈగలను, దోమలను పైకి రానివ్వదు. దీనినే నీటి సీలు అంటారు. 1775లో లండన్‌లో గడియారాలు తయారుచేసే అలెగ్జాండర్ కమింగ్ ఎస్ ఆకారంలో వంచిన గొట్టానికి పేటెంట్ పొందాడు. ఈనాటికీ సూత్రం అదే.

నీటి సీలు ఎంత లోతు ఉండాలి? మలం ఈ నీటి కిందికి దిగి, అవతలి గట్టు ఎక్కి బయటికి పోవాలి. సీలు లోతు పెరిగేకొద్దీ నీరు ఎక్కువ కావాలి.

పట్టణాలలో భూగర్భ మురుగు కాలువకు కలిపే మరుగుదొడ్డికి 50 మిల్లీమీటర్ల సీలు ఉంటుంది. ఆ గొట్టాలలో గాలి ఒత్తిడి మారుతూ ఉంటుంది కాబట్టి సీలు తక్కువైతే తెగిపోతుంది. గుంతలకు కలిపే మరుగుదొడ్డికి ఈ ఇబ్బంది లేదు. గుంతలోని వాయువులను చుట్టూ ఉన్న మట్టి పీల్చుకుంటుంది. అందువల్ల 20 మిల్లీమీటర్ల సీలు సరిపోతుంది. గ్రామీణ బేసిన్‌కు ఈ ట్రాప్‌ను జతచేస్తే 1.5 నుంచి 2 లీటర్ల నీరు చాలు.

గమనిక: బేసిన్, ట్రాప్ రెండూ ఒకే రకానికి చెందినవి కావాలి. వాలు బేసిన్ కొని, కింద 50 మిల్లీమీటర్ల ట్రాప్ బిగిస్తే నీటి ఆదా చాలావరకు పోతుంది.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.1
1. గ్రామీణ బేసిన్ వాలు ఎన్ని డిగ్రీలు?
2. గుంతల మరుగుదొడ్డికి 20 మి.మీ. నీటి సీలు ఎందుకు సరిపోతుంది?

17.6 గొట్టం, గుంతలు

ట్రాప్ దాటిన మలం గుంత చేరేవరకు దారి సాఫీగా ఉండాలి. ప్రతి 15 సెంటీమీటర్ల పొడవుకు కనీసం 1 సెంటీమీటరు వాలు ఉండేలా గొట్టం వేయించండి. వీలైనంత వరకు ఎల్బోలు పెట్టవద్దు.

మన గ్రామాలకు అనువైనది రెండు గుంతల పద్ధతి. 1970లో సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ ఈ పద్ధతిని మన దేశంలో విస్తృతంగా ప్రచారం చేశారు. రెండు గుంతలలో ఒకసారికి ఒకటే వాడాలి. అది నిండగానే జంక్షన్ ఛాంబర్‌లో దాని దారి మూసి, రెండవ దానికి దారి తెరవాలి. మూసిన గుంతను రెండేళ్లు కదపకుండా ఉంచితే అందులోనిది వాసన లేని ఎరువుగా మారుతుంది.

ఈ గుంతలలోని నీరు మట్టిలోకి ఇంకాలి. ప్రతిసారీ 10 లీటర్లు పోస్తే మట్టి అంత నీటిని పీల్చుకోలేకపోవచ్చు. గుంత నీటితో నిండి, పైన పోసినది దిగదు. అందుచేత ఎక్కువ నీరు అన్నివేళలా మేలు చేయదు.

ఇందులో మరొక ముఖ్యమైన విషయం ఉంది. పూర్వం నీటి సీలు లేని పాకీదొడ్లలోని మలాన్ని కొన్ని కులాలవారి చేత చేతులతో ఎత్తించేవారు. 1993లో ఒక చట్టం, 2013లో మరింత విస్తృతమైన చట్టం దీనిని నిషేధించాయి. రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించి శుభ్రం చేయించడం కూడా 2013 చట్టం ప్రకారం నేరం. మీ మరుగుదొడ్డి నిండినప్పుడు దానిని ఎవరు, ఎలా ఖాళీ చేస్తారు అన్న ప్రశ్న కట్టకముందే వేసుకోండి. రెండు గుంతలుంటే తాజా మలాన్ని ఎవరూ ముట్టుకోవలసిన అవసరం రాదు.

17.7 ఫ్లష్ ట్యాంకు ఉన్న ఇళ్లు

మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి కూర్చునే కమోడ్ అవసరం కావచ్చు. కుళాయి నీరు, మురుగు కాలువ లేదా సెప్టిక్ ట్యాంకు ఉంటే దానిని ఎంచుకోవచ్చు. రెండు మీటలున్న ఫ్లష్ ట్యాంకులు సాధారణంగా చిన్న మీటకు 3 లీటర్లు, పెద్ద మీటకు 6 లీటర్లు వదులుతాయి. నీరు అంచు చుట్టూ అన్ని వైపుల నుంచి దిగాలి. లోపలి దారి నున్నగా ఉండాలి. రెండుసార్లు నొక్కవలసి వస్తే తక్కువ నీటి కమోడ్ వల్ల లాభం లేదు.

కొనేముందు మీ ఇంట్లో గొట్టం గోడలోకి పోతుందా, నేలలోకి పోతుందా చూడండి. గోడలోకి అయితే పీ ట్రాప్, నేలలోకి అయితే ఎస్ ట్రాప్ కావాలి. నేలలోని గొట్టం మధ్య భాగం నుంచి గోడకు ఉన్న దూరం కొలిచి రాసుకుని వెళ్లండి.

17.8 కృత్యం

సిమెంటు వేయకముందే ఈ పరీక్ష చేయండి.
1. బేసిన్‌కు ట్రాప్ జతచేసి, ఇటుకల మీద సమంగా నిలపండి. ట్రాప్ ఒక పక్కకు ఒరిగితే సీలు తెగుతుంది.
2. ట్రాప్‌లో నీరు పోసి చూడండి. నీరు దారిని పూర్తిగా మూయాలి.
3. జొన్నపిండిని మెత్తగా కలిపి నాలుగైదు ముద్దలు చేయండి. బేసిన్‌ను కొద్దిగా తడిపి, ముద్దలను అందులో వేయండి.
4. 2 లీటర్ల నీటిని ఒక్క ఊపులో పోయండి. ముద్దలన్నీ అవతలికి పోవాలి. ట్రాప్‌లో నీరు మళ్లీ నిలవాలి.

ఈ పరీక్ష వింతగా తోచవచ్చు. కెనడా, అమెరికాలలో 2003 నుంచి కమోడ్లను సోయా చిక్కుడు ముద్దతో ఇలాగే పరీక్షిస్తున్నారు.

17.9 వాడకంలో జాగ్రత్తలు

వాడేముందు బేసిన్‌ను అర చెంబు నీటితో తడపండి. మలం అంటుకోదు. గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు, నెలసరి ప్యాడ్లు అందులో వేయవద్దు. యాసిడ్ వాడవద్దు. గుంతలో మలాన్ని ఎరువుగా మార్చే సూక్ష్మజీవులు దానివల్ల చనిపోతాయి. చీపురు, సబ్బు నీళ్లు చాలు.

17.10 మీరు ఏమి నేర్చుకున్నారు

మరుగుదొడ్డి శుభ్రపడటం బేసిన్ వాలు, నీటి సీలు లోతు, గొట్టం వాలు, ఈ మూడింటి మీద ఆధారపడుతుంది. ఇవి సరిగా ఉంటే 2 లీటర్లు చాలు. ఇవి సరిగా లేకపోతే ఆ లోటును ఎవరో ఒకరు నీళ్లు మోసి తీర్చవలసి వస్తుంది.

17.11 ముగింపు ప్రశ్నలు
1. మీ ఇంట్లో లేదా పొరుగింట్లో మరుగుదొడ్డికి ఒకసారికి ఎంత నీరు పోస్తున్నారో కొలవండి. నెలకు ఎన్ని బిందెలో లెక్కకట్టండి.
2. రెండు గుంతల మరుగుదొడ్డిలో ఎక్కువ నీరు పోస్తే వచ్చే ఇబ్బంది ఏమిటి?

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు 17.1
1. 25 నుంచి 28 డిగ్రీలు.
2. మురుగు కాలువలో వలె గాలి ఒత్తిడి మారదు. గుంతలోని వాయువులను చుట్టూ ఉన్న మట్టి పీల్చుకుంటుంది.